ఆయిలు పైపులో పీలిక

నోట్లో ఆ రుచి పోవడం లేదు. రెండుసార్లు పుక్కిలించాను, వేపపుల్ల నమిలి ఉమ్మేశాను, అయినా ఏడాది పాటు పైపులో మురిగిన ఆయిలు నాలుక మొదట్లో అలాగే అంటుకుని ఉంది. పైపును ఊదకుండా ఉంటే బాగుండేది. కానీ ఏ పైపు విప్పినా ముందు నోట పెట్టి ఊదడం నాకు ఎప్పటినుంచో అలవాటు, బుద్ధితో పని లేకుండా జరిగిపోతుంది. ఊదాను. గాలి అటువైపు రాలేదు. బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదాను, చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి, అయినా రాలేదు. తీగ పెట్టి లాగకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. తీగ కొసకు చుట్టుకుని జానెడు పీలిక వచ్చింది, నల్లగా, బంకగా. కిరసనాయిల్లో ముంచి రెండు వేళ్ళతో పిండితే నలుపు కింద నుంచి ఆకుపచ్చ బయటపడింది, ఒక అంచున పసుప్పచ్చ గళ్ళు. నా భార్య నీలమ్మ చీర. చిరిగిన చీరలను పీలికలు చేసి చేతులు తుడుచుకోవడానికి నాకు ఇస్తుంది. ఆ గళ్ళ అంచు చీర ఆమె మూడేళ్ళు కట్టింది, చీకట్లో తడిమినా గుర్తుపడతాను. పక్కన పిండిగిర్ని పట్టా టపటపమని కొట్టుకుంటూనే ఉంది. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఐదున్నరకు ఈ మోటారు సైకిలు యజమాని వామన్‌రావు ఆఫీసు నుంచి వస్తాడు, భార్య అలివేలమ్మను వెంటబెట్టుకుని వస్తాడు, వచ్చి ఇంజను విప్పినావా, ఏం దొరికింది అని అడుగుతాడు. నాకు ఒక గంట ఉంది.

ఈ బండికి ఆయిలు ఇంజనులో ఉండదు. సీటు కింద వేరే ట్యాంకులో ఉంటుంది. పంపు ఒక పైపుతో దాన్ని లాగి లోపల తిరిగే వాటికన్నిటికీ ఇస్తుంది, కిందికి కారినదాన్ని ఇంకో పైపుతో ఎత్తి మళ్ళీ ట్యాంకులోనే పోస్తుంది. పోయే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి. మూత తీసి చూస్తే తిరిగొచ్చే ఆయిలు ఆగి ఆగి, బుడగలతో కలిసి పడుతూ ఉంటుంది, లోపల అంతా సవ్యంగా ఉందని చెప్పే గుర్తు అదొక్కటే. మా ఉస్తాదు అన్నిటికంటే ముందు నేర్పిన విద్య ఇది. కొత్తగా బిగించిన ఇంజను ఎండిపోయి తిరగకూడదని స్టార్టు చేసే ముందు అందులో ఒక గిలాసెడు ఆయిలు పోస్తాం. స్టార్టు కాగానే మొదట తిరిగొచ్చేది ఆ గిలాసెడే. అది అయిపోయాక కూడా వస్తూనే ఉంటే అప్పుడు ట్యాంకు నుంచి ఆయిలు పోతున్నట్టు లెక్క. అందుకే ఉస్తాదు నన్ను ట్యాంకు దగ్గర నిలబెట్టి, తాను దూరం పోయి బీడీ ముట్టించి, “బీడీ ఖతం హోనే తక్ ఆంఖ్ నక్కో హటా రే” అనేవాడు. ఆయన బీడీ అయిపోయేదాకా నేను కన్ను పక్కకు తిప్పకూడదు. ఆయన సగం బీడీలకు ఆరిపోయే రోగం, మళ్ళీ ముట్టించేవాడు, నా మెడ పట్టేసేది, లోలోపల తిట్టుకునేవాణ్ణి. పదేళ్ళు అలా చూశాను. ఆయన పోయాక కూడా చూశాను, బీడీ తాగకపోయినా అంతసేపు నిలబడ్డాను. ఒక్కరోజు చూడలేదు. ఒక్కటే రోజు.

ఒక్కటే రోజు అంటే తప్పు చిన్నదైపోతుందా. ఎవరికి చెప్పుకుంటున్నాను ఈ లెక్క. పోయిన శ్రావణంలో ఆదివారం అది, ఇదే కొట్టు ముందు, గల్లీ గల్లీ అంతా మూగింది. జాగీరు పోయిన దేవిడీ బంగళా వాళ్ళ కొట్టంలో పావురాల రెట్టల కింద పడి ఉన్న ఇంగ్లీషు బండి అది, వామన్‌రావు దాన్ని ఇంటికి తెచ్చుకున్నప్పుడు నవ్వనివాడు లేడు. పొద్దంతా ఉర్దూ ఫైళ్ళు కట్టగట్టి అటకెక్కించే గుమాస్తా, ధోవతి, నుదుట నామం, ఆయనకు మోటారు సైకిలు. నేను నవ్వలేదు. నాకు ఆ ఇంజను కావాలి. నాలుగు నెలలు దాన్ని విప్పి, కడిగి, సిలిండరు కొత్తగా తొలిపించి, పిస్టను మార్చి, ట్యాంకు దించి లోపలి మడ్డినంతా గోకి తీశాను. ట్యాంకు దించినప్పుడు పైపులో దుమ్ము పడకుండా దాని మూతికి పీలిక కుక్కాను. అందరూ కుక్కుతారు. అందరూ తీస్తారు కూడా. ఆ రోజు అలివేలమ్మ ఆవపువ్వు రంగు చీర కట్టుకుని మెట్ల మీద నిలబడింది, మొగుడి వెనక కూర్చుని మీరాలం చెరువు దాకా పోవాలని తెల్లారే వంట ముగించుకుంది. నేను ఒక్క కిక్కు కొట్టాను, బండి అందుకుంది, గల్లీ అంతా హో అంది. మూత తీసి ఆయిలు పడుతున్నది చూపించాను. వామన్‌రావు కళ్ళజోడు సర్దుకుని తొంగిచూశాడు, ఆమె కూడా వచ్చి తొంగిచూసి, “ఏందయ్యా, అత్తరు చూపిచ్చినట్టు చూపిస్తున్నవ్” అంది. అందరూ నవ్వారు. నాకు ఎంత గర్వమో. రెండు బీడీ పీల్పులంత సేపు కూడా కాలేదు. మూత బిగించి, కూసోండ్రి సాబ్ అన్నాను. నా గిలాసెడు ఆయిలు నాకే తిరిగొస్తుంటే చూసి మురిసిపోయాను.

ఇది చెప్పాలంటే సిగ్గేమీ కాదు. పని చేసేవాడి చేతిలో పొరపాటు జరుగుతుంది, చెప్పుకుంటే పోయేది. నోరు పెగలనిది ఆ సాయంత్రపు సంగతికి. తోపుడుబండి మీద మోటారు సైకిలును కట్టుకుని వచ్చారు. బహదూర్‌పురా దాటాక ఇంజను పట్టేసి వెనక చక్రం ఆగిపోయింది, బండి అడ్డం తిరిగింది, ఆమె కంకర మీద కుడిచెయ్యి ఆనించి పడింది. వామన్‌రావు ధోవతి మీద నెత్తురు, అది ఆయనది కాదు. ఆయన నన్ను ఏమీ అడగలేదు, నిందించలేదు, బండి వంక చూస్తూ నిలబడ్డాడు. నేనే ముందు మాట్లాడాను. ట్యాంకు నిండుగా ఉందా అని చూసి, ఉంది అని గల్లీ అంతా వినేలా చెప్పి, ఆయన వైపు తిరిగాను.

“రావు సాబ్, ఎంత జోరుగ కొట్టిన్రు?”

“కొంచెం… రోడ్డు ఖాళీగ ఉండె నర్సింహా. ఆమె ఇంకొంచెం జోరు అన్నది. నేనే తిప్పిన.”

“చెప్పిన గదా సాబ్. కొత్త పిస్టను, మొదటి ఐదొందల మైళ్ళు మెల్లగ పోవాలె అని చెప్పిన్నా లేదా?”

“చెప్పినవ్. నువ్వు చెప్పినవ్ నర్సింహా.”

అంతే. నేను అడిగాను, ఆయన ఒప్పుకున్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఇంజను విప్పకుండానే తీర్పు చెప్పాను. దెబ్బ తిన్నవాడితోనే సంతకం పెట్టించుకున్నట్టయింది. ఆయన అబద్ధమాడే మనిషి అయినా బాగుండేది, లేదు మెల్లగానే పోయిన అని దబాయించేవాడు, నేను కోపంతోనైనా ఇంజను విప్పేవాణ్ణి, అప్పుడే ఇది బయటపడేది. మంచివాడి మీద నెపం వేయడం ఎంత సులువో నాకు ఆ రోజు తెలిసింది.

ఆమె మణికట్టు అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది, వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. బిందె పట్టుకోలేదు, పిండి పిసకలేదు, జడ వేసుకోలేదు. అప్పటినుంచి వామన్‌రావు తెల్లవారకముందే లేచి వాకిట్లో నీళ్ళు చల్లి తానే ముగ్గు వేస్తాడు. ఆ ఇంటి ముగ్గు లాల్‌దర్వాజాలో పేరున్న ముగ్గు, అలివేలమ్మ చేతిలో ఇరవై ఒక్క చుక్కలు కూడా దారం పట్టినట్టు వచ్చేవి. ఈయన నాలుగు గీతలు గీస్తే అందులో మూడు మెలికలు. మాదన్నపేట మార్కెట్టు నుంచి కూరగాయల సంచీ మోసుకొస్తాడు, కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఆమె తల దువ్వుతాడు, దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూస్తారు. ఆమె వద్దంటుంది, మాట పెరుగుతుంది, ఆయన వినడు. పెద్దయ్యలు మొహం తిప్పుకున్నారు, కుర్రకారు ఈలలు వేశారు. నేనూ ఊరుకోలేదు. ఒకరోజు పొద్దున్నే కొట్టు తెరవడానికి పోతూ, ఆయన ముగ్గుపిండితో తంటాలు పడుతుంటే ఆగి, రావు సాబ్, ముగ్గు గూడ మొదటి ఐదొందల మైళ్ళు మెల్లగనే ఎయ్యాలె అన్నాను. పిండిగిర్ని వాడు పడీపడీ నవ్వాడు. వామన్‌రావు కూడా నవ్వాడు, తల వంచుకుని, నిజమే నర్సింహా అన్నాడు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తుకొస్తే ఒళ్ళు కంపరమెత్తుతోంది. ఆ మాట నా నోటినుంచే వచ్చిందా, ఈ ఆయిలు రుచి ఉన్న నోటినుంచే.

నాకు తెలియదు కదా అప్పుడు. ఇలా అనుకుంటే కాస్త ఊపిరి ఆడుతుంది. తెలియదు, ఇవాళే విప్పాను, ఇవాళే చూశాను. కానీ ఇక్కడ ఎవరూ లేరు, నాకు నేను అబద్ధం చెప్పుకుని ఏం లాభం. ఆ సాయంత్రం తోపుడుబండి వాడు వెళ్ళిపోయాక చేతులు తుడుచుకుందామని పీలికల బుట్టలో చెయ్యి పెడితే ఆకుపచ్చ గళ్ళది సగం ముక్క దొరికింది. చింపిన సగం. మిగతా సగం ఏమైంది అనిపించింది. అనిపించిందంటే, గుండెలో కలుక్కుమని ఆగింది. ట్యాంకు బిగించిన రోజు గుర్తు తెచ్చుకోవడానికి చూశాను, పీలిక లాగి పక్కన పడేసిన గుర్తు రాలేదు. గుర్తు లేనంత మాత్రాన తీయలేదని ఎట్లా అంటారు, అని సర్దిచెప్పుకుని కొట్టు మూసేశాను. మర్నాడు వామన్‌రావు బండి సంగతి అడిగితే, సామాను బొంబాయి నుంచి రావాలె సాబ్, ఇప్పట్లో కాదు, ఇంటికి తీస్కపోయి కప్పి పెట్టుకోండ్రి అన్నాను. నేను ఏ బొంబాయికీ ఉత్తరం రాయలేదు. పైపు విప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల పని ఏడాది పాటు చేయలేదు. ఎందుకు చేయలేదో తెలియనంత అమాయకుణ్ణి కాను.

పోయిన వారం అలివేలమ్మ ఒక్కతే వచ్చింది. కొంగుతో చెయ్యి కప్పుకుని గడప దగ్గర నిలబడింది. “బండి చెయ్యి నర్సింహా. నా చెయ్యి ఎట్లుండేది గట్లనే ఉంటది. ఆయన మళ్ళ మనిషి గావాలె. ఎన్క నేను కూసోవాలె, ముందట ఆయన నడపాలె, ఒక్కసారి మీరాలం దాకా పోయి రావాలె. నిద్రల గూడ నేనే చేసిన, నేనే చేసిన అంటడు” అంది. సామాను రాలేదని చెప్పడానికి నోరు తెరిచాను, ఆమె కళ్ళలోకి చూసి, బండి కొట్టుకు పంపియ్యండ్రమ్మా అన్నాను.

“ఏంది గట్ల కూసున్నవ్? చాయ్ సల్లారిపోతుంది.”

నీలమ్మ. ఎప్పుడు వచ్చిందో, కప్పు ఎప్పుడు పెట్టిందో. పీలిక తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను, కిరసనాయిలు పంచెలోంచి చల్లగా తగిలింది. ఆమె అరచెయ్యి తిప్పి నా నుదుటి మీద పెట్టింది. “పెయ్యి గరం లేదు. లేశి మొగం కడుక్కో, ఆళ్ళొచ్చే యాళ్ళయింది” అంది. అలాగేలే అన్నాను. ఆమె పోయేదాకా కదల్లేదు. తన చీర ముక్కను చూస్తే గుర్తుపడుతుంది, అలివేలమ్మకు ఏడాది నుంచి నీళ్ళ బిందె ఎత్తి పెడుతున్నది నీలమ్మే. పెళ్ళానికి కనపడకుండా గుడ్డపీలిక మీద కూర్చున్న మిస్త్రీని నేను. పదమూడేళ్ళుగా పాతబస్తీలో నలుగురు చెప్పుకునే పేరు, బాలనర్సింహ చెయ్యి పడితే ఇంజను ఊపిరి మారుతుందని. అది పోతుంది. రేపటినుంచి మూత తీసి ఆయిలు చూపిస్తే, పీలిక తీసినవా అని అడుగుతారు. అడగాలి కూడా.

స్టవ్వు పక్కనే ఉంది. అగ్గిపుల్ల గీస్తే కిరసనాయిలు తడికి క్షణంలో మండి బూడిదవుతుంది. పిస్టను మీద గీతలు ఎలాగూ ఉన్నాయి, అవి చూపించి, చూసిన్రా సాబ్, జోరుకు గిట్లయింది, పోనీండ్రి, కొత్తది ఏసిన అంటే ఆయన నమ్ముతాడు. నమ్మడమేం, ముందే నమ్మి ఉన్నాడు. లేదా దేవిడీ వాళ్ళ నాటి గుడ్డ అనొచ్చు, ఎవరో పాత మిస్త్రీ కుక్కి మర్చిపోయాడని. ఆ మాట కూడా నమ్ముతాడు, ఇంకా నాకే దండం పెడతాడు. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకున్నాను, కింద పెట్టాను. మళ్ళీ తీసుకున్నాను. గుళ్ళో గంట మోగింది, దానికి కాస్త ముందో వెనకో మసీదులో అజాఁ అయింది, ఎండ గడప దాటి పానాల పెట్టె మీదికి వచ్చింది. భయమేస్తోంది. పేరు పోతుందని భయం, ఆయన మొహం చూడాలని భయం. పీలికను తొడ కింద నుంచి తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. గిర్ని ఆగిపోయింది, ఒక్కసారిగా గల్లీ అంతా నిశ్శబ్దం, చెప్పుల చప్పుడు వినిపించింది.

అలివేలమ్మ నేరుగా లోపలికి వచ్చి విప్పిపెట్టిన ఇంజను ముందు గొంతుక్కూర్చుంది. వామన్‌రావు గడప బయటే ఆగిపోయాడు, చేతిలో టిఫిను డబ్బా, గొడుగు. బండి వైపు చూడకుండా నన్ను సైగ చేసి దగ్గరికి పిలిచాడు. ఆమెకు వినపడకూడదని గొంతు తగ్గించాడు.

“ఏం దొరికినా ఆమె ముందట చెప్పకు నర్సింహా. ఎంత జోరుగ తిప్పిన్నో పిస్టను మీద కనపడ్తది గదా. ఆమెకు చూపియ్యకు. నాకొక్కనికే చెప్పు.”

తల ఊపితే సరిపోయేది. ఊపుదామనే అనుకున్నాను, మెడ కదలబోయింది కూడా. గుప్పిట విప్పాను.

“గిది దొరికింది సాబ్. ట్యాంకు కింది పైపుల. నేనే కుక్కిన, తియ్యలె. ఇంజనుకు ఆయిలు పోలె.”

ఆయన పీలికను తీసుకుని కళ్ళజోడుకు దగ్గరగా పెట్టుకున్నాడు. కాసేపటిదాకా ఏమీ అర్థం కానట్టు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“అంటే… మెల్లగ పోయినా?”

“మెల్లగ పోయినా పట్టేసేది సాబ్.”

“నేను జోరుగ తిప్పినందుకు కాదా?”

“కాదు సాబ్.”

టిఫిను డబ్బా, గొడుగు జారి కింద పడ్డాయి. కొడతాడనుకున్నాను, నిజం చెప్పాలంటే కొడితే బాగుండుననుకున్నాను. ఆయన నన్ను దాటుకుని లోపలికి పోయి, అలివేలూ, నేను కాదంట అన్నాడు. ఆమె లేచి నిలబడింది. నేను కాదంటనే, నేను కాదంట, అంటూనే ఉన్నాడు, నలభై ఐదేళ్ళ మనిషి, నుదుటి మీద నామం చెమటకు కారిపోతోంది, నోరు ఏడ్చే పిల్లవాడి నోరులా సాగిపోయింది. తిరిగి నా దగ్గరికి వచ్చి, మసితో జిడ్డుతో ఉన్న నా రెండు చేతులూ పట్టుకుని తన ఛాతీకి అదుముకున్నాడు, తెల్లచొక్కా నల్లగా అయింది. “బతికిచ్చినవ్ నర్సింహా. చెప్పకపోతే ఎవ్వలికి తెలుసు. ఇంకొకడైతే చెప్పునా? బతికిచ్చినవ్” అన్నాడు. నేను చేతులు వెనక్కి లాక్కోబోయాను, ఆయన వదల్లేదు, ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

అలివేలమ్మ ఏడవలేదు. కొంగు కింద నుంచి ఆ వంకర చెయ్యి బయటికి వచ్చింది, దాంతో మొగుడి వేళ్ళ సందున ఉన్న పీలికను తీసుకోబోయింది, వేళ్ళు ముడుచుకోలేదు, ఎడమ చేత్తో తీసుకుంది. నా వైపు చూసింది.

“నీకు ఇయ్యాల్నే తెలిసిందా నర్సింహా?”

“ఇయ్యాల్నే గదనే విప్పింది. ఇంతకుముందు ఎట్ల తెలుస్తది పాపం” అన్నాడు వామన్‌రావు, నా తరఫున, నా చేతులు పట్టుకునే.

ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి.

“లేదమ్మా” అన్నాను. “ఆ దినమే అనుమానమొచ్చింది.”

వామన్‌రావు నా చేతులు వదిలిపెట్టాడు.